ఖాళీ స్విమ్మింగ్ పూల్‌లో స్కేట్‌బోర్డ్ ఫోటోలు తీయడం ఎలా?

ఏప్రిల్ దాటిందంటే నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇక్కడ రిసార్టులో పూల్ ఖాళీ చేశారు. మావాళ్లు స్కేట్‌బోర్డు వేస్తున్నారు. ఎన్ని ఫోటోలు తీసినా గోడ ఎక్కినట్టే కనిపించట్లేదు. ఏం చేయాలి?" ఒకరు రాజోలు నుంచి అడుగుతారు, ఇంకొకరు భీమవరం నుంచి, మరొకరు యానాం నుంచి. అందరికీ చెప్పేది ఒకటే కాబట్టి ఇక్కడ మొత్తం రాసేస్తున్నాను.

ఈ ఫోటోకి ప్రాణం గోడ. చక్రాలు గోడ మీద ఎక్కడ ఉన్నాయి, కింద ఎంత లోతు ఉంది, పైన అంచు ఎంత దూరంలో ఉంది, ఈ మూడూ ఒకే ఫ్రేములో తెలియాలి. కుర్రాడు ఎంత గొప్పగా ఆడినా ఇవి తెలియకపోతే చూసేవాళ్లకి అతను నేల మీద వంగి నిలబడ్డట్టే ఉంటుంది. కింద రాసిన ప్రతి స్టెప్పూ ఈ మూడింటి కోసమే.

ఎప్పుడు తీయాలి

మన గోదావరి డెల్టాలో దీనికి సీజన్ ఉంది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలు కట్టేస్తారు. అప్పటి నుంచి జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా భూమిలో నీరు కిందకి దిగుతుంది. పూల్ రిపేరు, టైల్స్ పని ఉన్నవాళ్లు తొట్టి ఖాళీ చేయించేది ఈ రోజుల్లోనే.

వానాకాలంలో మాత్రం ఎవరినీ పూల్ ఖాళీ చేయమని అడగకండి. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఆ నీరు పూల్ అడుగుని కింద నుంచి పైకి తోస్తూ ఉంటుంది. పూల్ నిండా నీళ్లుంటే ఆ బరువు దాన్ని అణిచిపెడుతుంది. ఖాళీ అయితే అడుగు పగలొచ్చు, తొట్టి మొత్తం పైకి లేవొచ్చు. మీ ఫోటోల కోసం ఓనరుకి లక్షల నష్టం రాకూడదు. వాళ్ల పని కోసం వాళ్లు ఖాళీ చేసుకున్నప్పుడే వెళ్లండి.

కావలసినవి

- కెమెరా. పెళ్లిళ్లకి వాడే ఏ డీఎస్ఎల్ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా చాలు.
- వైడ్ లెన్సు. ఫిష్‌ఐ (గీతల్ని వంచి, చాలా వెడల్పుగా చూపించే లెన్సు) ఉంటే ఇంకా మంచిది. ఫుల్‌ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్ కెమెరా) 15 ఎంఎం, క్రాప్ సెన్సర్‌కి (చిన్నది) 8 ఎంఎం. లేకపోతే 16-35 గానీ, 10-18 గానీ.
- 70-200 జూమ్ లెన్సు ఉంటే బ్యాగులో ఉంచండి. దూరం నుంచి తీసేటప్పుడు పనికొస్తుంది.
- ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ ఒకటి. సాయంత్రం తీస్తేనే అవసరం. అద్దెకి తెచ్చుకునేవాళ్లు పంచాంగం చూసుకోండి. ముహూర్తాల రోజుల్లో పాలకొల్లు, అమలాపురంలో ఒక్క ఫ్లాష్ కూడా దొరకదు.
- కొబ్బరీనెల చీపురు, తడి పీల్చే పాత బట్టలు, వెడల్పాటి టేపు, ప్లైవుడ్ ముక్క, టెన్నిస్ బంతి.
- ముదురు రంగు తువ్వాలు ఒకటి. ఎందుకో చివర్లో చెబుతాను.
- ఫస్ట్ ఎయిడ్ డబ్బా, తాగే నీళ్లు. ఆడేవాళ్లకి హెల్మెట్, మోకాళ్ల ప్యాడ్లు. హెల్మెట్ లేనివాడి ఫోటో నేను తీయను. మీరూ అదే నియమం పెట్టుకోండి.

1. పూల్ పనికొస్తుందో లేదో చూసుకోండి

ఈ ఆట పూల్స్‌లోకి దిగింది కాలిఫోర్నియాలో. 1976-77లో అక్కడ గట్టి కరువు వచ్చింది. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల చాలా ఇళ్ల పూల్స్ ఎండిపోయి ఉంటే కుర్రాళ్లు బోర్డులతో దిగారు. అక్కడి పాత పూల్స్ మూకుడులా ఉంటాయి, నేల వంపు తిరుగుతూ గోడ అవుతుంది. ఆ వంపు ఉంటేనే బోర్డు పైకి ఎక్కుతుంది.

మన రిసార్టుల్లో, ఫామ్‌హౌస్‌లలో చాలా పూల్స్ పెట్టెలా ఉంటాయి. నేలా గోడా తొంభై డిగ్రీల్లో కలుస్తాయి. కంటితో చూసి మోసపోకండి. టెన్నిస్ బంతిని నేల మీద గోడ వైపు గట్టిగా దొర్లించండి. టప్‌మని కొట్టుకుని వెనక్కి వస్తే అది పెట్టె. గోడ మీదికి కాస్త ఎక్కి, మెల్లగా దిగి వస్తే వంపు ఉన్నట్టు.

పెట్టె పూల్ అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. లోతు తక్కువ వైపు నుంచి ఎక్కువ వైపుకి నేల వాలుగా దిగుతుంది కదా, ఆ వాలు మీద వేగం బాగా వస్తుంది. గోడ మీద ఆట కుదరదు గానీ వాలు మీద మలుపులు, మెట్ల మీద నుంచి దూకడాలు కుదురుతాయి. ఏది కుదురుతుందో ముందే తెలుసుకుని దానికి తగ్గ ఫోటో అనుకోండి.

అనుమతి ఓనరు దగ్గరే తీసుకోండి. వాచ్‌మన్ "ఆయ్, దిగండి బాబూ, ఏం కాదు" అన్నా సరిపోదు, రేపు మాట పడేది ఆయనే. ఫోన్లో మాటగా కాకుండా ఒక మెసేజ్ రాయించుకోండి: ఏ రోజు, ఎంతమంది, ఎన్ని గంటలు. పద్దెనిమిది నిండని పిల్లలుంటే ఇంట్లో పెద్దవాళ్లని కూడా అడగాలి. ఆడటానికీ అడగాలి, ఫోటో బయట పెట్టడానికీ అడగాలి.

2. దిగే ముందు తొట్టి అంతా కలియతిరగండి

ఈ స్టెప్పు ఎవరూ చేయరు. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇక్కడే.

ముందు పాములు. ఖాళీ పూల్‌లో పడ్డ కప్ప పైకి ఎక్కలేదు, కప్ప కోసం వచ్చిన పామూ ఎక్కలేదు. గోడలో నీళ్లు లాగే చదరపు రంధ్రాలు ఉంటాయి, వాటిలోకి టార్చి వేసి చూడండి. చెయ్యి పెట్టకండి. తేళ్లు కూడా అక్కడే ఉంటాయి.

తర్వాత అడుగున ఉండే డ్రెయిన్ జాలీ. చక్రం అందులో పడితే బోర్డు ఆగిపోతుంది, మనిషి ఆగడు. పైన ప్లైవుడ్ ముక్క వేసి నాలుగు వైపులా టేపు అంటించండి.

టైల్స్‌ని రూపాయి బిళ్లతో కొడుతూ నడవండి. గట్టి టైలు టింగ్‌మంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది. డొల్ల టైల్స్ మీద టేపుతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టండి. ఆ దారిలో ఎవరూ పోకూడదు. అడుగున పాచి ఉంటే బ్లీచింగ్ వేసి రుద్ది, కడిగి, రెండు రోజులు ఎండనివ్వాలి. పైకి ఆరినట్టు కనిపించినా టైల్స్ సందుల్లో చెమ్మ ఉంటుంది. పాత బట్టతో అద్ది చూస్తే తెలుస్తుంది.

మీ కాళ్లకీ బూట్లు ఉండాలి, అడుగు చదునుగా ఉండేవి. పదకొండు దాటాక ఆ టైల్స్ మీద అరికాలు పెట్టలేరు.

3. ఏ గోడ మీద వెలుగు పడుతుందో చూసుకోండి

మే మొదటి వారంలో మన డెల్టాలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతాడు. మన గడియారాలకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గర్లోనే పోతుంది కాబట్టి గడియారంలో పన్నెండంటే ఇక్కడ దాదాపు అసలైన మిట్టమధ్యాహ్నం. ఆ సమయంలో పూల్‌లో నీడ ఉండదు. నీడ లేకపోతే వంపు తెలియదు, వంపు తెలియకపోతే గోడా నేలా ఒకటే. పైగా హెల్మెట్ కింద మొహం నల్లగా పడిపోతుంది. తొమ్మిది నుంచి నాలుగు దాకా కెమెరా బ్యాగులోనే ఉంచండి.

పొద్దున తూర్పు గోడ నీడలో ఉంటుంది, పడమటి గోడ మీద ఎండ పడుతుంది. కాబట్టి పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ. గోడ ఎత్తు అయిదడుగులైతే మే నెలలో ఏడున్నరకి దాని నీడ నేల మీద దాదాపు పదడుగులు సాగుతుంది. ఎదురు గోడ, నేలలో మిగతా భాగం ఎండలో ఉంటాయి. నాకు బాగా ఇష్టమైన వెలుగు అదే. నీడలోంచి బయటికి వచ్చిన బోర్డు ఎండలో గోడ ఎక్కుతుంటే వంపు మొత్తం గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తీస్తే మన ఉక్కకి లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. ఓసారి నాకు పావుగంట పోయింది. ఆ పావుగంటలోనే ఎండ ఆ గోడ దాటేసింది, ఆ కుర్రాడు మళ్లీ ఆ ఎత్తుకి ఎక్కలేదు. కెమెరాని మూత కట్టిన సంచిలోనే అరగంట ముందు బయట పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పు గాలి కూడా ఉంటుంది, లెన్సులు అక్కడ మార్చకండి.

4. కెమెరా తీయకుండా పదిసార్లు చూడండి

ఆడేవాళ్లు పోయే దారిని లైన్ అంటారు. ఎక్కడ మొదలవుతాడు, ఏ చోట గోడ ఎక్కుతాడు, ఎటు దిగుతాడు? అతన్నే అడగండి. "అన్నా, నిచ్చెన పక్క నుంచి ఎక్కి ఆ మూల మీద తిరుగుతా" అని వేలితో చూపిస్తాడు. పదిసార్లు చూస్తే మీకు మూడు సంగతులు తెలుస్తాయి: అతను అందుకునే ఎత్తు, మొహం తిరిగే వైపు, పడితే బోర్డు ఎగిరే వైపు. మూడోది మీ పళ్లకి సంబంధించింది.

ఆ కరువు రోజుల్లో కాలిఫోర్నియా పూల్స్‌లో మంచి ఫోటోలు తీసినవాళ్లలో గ్లెన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. అప్పటికి అతనిది పదో తరగతి వయసు. తనూ బోర్డు వేసేవాడు, అందుకే ఏ క్షణంలో నొక్కాలో తెలుసు. మనం బోర్డు వేయకపోయినా పదిసార్లు కళ్లప్పగించి చూడొచ్చు.

5. నిలబడే చోటు

గట్టు మీద నిలబడి కిందకి తీయకండి. నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ ఇలా చెడినవే. పై నుంచి చూస్తే ఎనిమిదడుగుల గోడ కూడా అరుగులా ఉంటుంది.

మంచి చోట్లు రెండు.

మొదటిది తొట్టి అడుగున, లైన్‌కి పక్కగా కూర్చోవడం. కెమెరా మోకాలి ఎత్తులో, ముఖం పైకి. నేల కొంచెం, గోడ వంపు మొత్తం, అంచు, ఆ పైన ఆకాశం రావాలి. మన దగ్గర అంచు పైన కొబ్బరి చెట్ల తలలు కూడా వస్తాయి. వాటిని రానివ్వండి. ఆ ఫోటో ఎక్కడిదో అవే చెబుతాయి. మనిషి తలలోంచి మట్ట మొలిచినట్టు మాత్రం రాకూడదు, ఒక అడుగు పక్కకి జరిగితే చాలు.

రెండోది గట్టు మీద, అంచుకి సమానంగా కెమెరా పెట్టి బోర్లా పడుకోవడం. బోర్డు అంచు దాటి గాల్లోకి లేస్తే ఇక్కడి నుంచే బాగుంటుంది. చక్రాలకీ అంచుకీ మధ్య వెలుగు కనిపించాలి.

ఫిష్‌ఐ అయితే చాలా దగ్గరికి పోవాలి, చెయ్యి చాపితే బోర్డు అందేంత. దూరం నుంచి ఫిష్‌ఐ వాడితే పూల్ చెరువంత, మనిషి చీమంత అవుతారు. దగ్గరికి పోయేముందు సైగ మాట్లాడుకోండి. నేను ఎడం చెయ్యి పైకెత్తితే "రెడీ", దించితే "ఆగు". సైగ లేకుండా ఎవరూ దిగకూడదు. వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు దూరం ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది, అందుకని పక్కన ఒకరిని కాపలా పెట్టుకోండి.

6. సెట్టింగులు

మాన్యువల్ మోడ్. నిండు ఎండ పడ్డ గోడకి ఇక్కడ మొదలుపెట్టండి: ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే శక్తి) 200, ఎఫ్ (లెన్సు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె) 5.6, షట్టర్ 1/1600 సెకను. నీడలో ఉన్న గోడకి ఐఎస్ఓ 800 నుంచి 1600 దాకా పెంచండి, ఎఫ్ 4 చేయండి. షట్టర్ 1/1000 కంటే కిందికి రానివ్వకండి. అంతకంటే తగ్గితే మొహం బాగున్నా చేతివేళ్లు, చక్రాలు పులిమినట్టు వస్తాయి.

ఆటో మోడ్ వద్దు అనడానికి కారణం ఉంది. లేత నీలం, తెలుపు టైల్స్ ఫ్రేము నిండా ఉంటే వెలుగు ఎక్కువైందని కెమెరా అనుకుని ఫోటోని చీకటి చేస్తుంది. ఆటోనే వాడాల్సి వస్తే ఎక్స్‌పోజర్‌ని ప్లస్ ఒకటి దాకా పెంచుకోండి.

7. ఫోకస్ ముందే పెట్టేయండి

బోర్డు వచ్చాక ఫోకస్ వెతికితే ఆలస్యమే. అతను ఎక్కే చోట బోర్డుని ఎవరైనా చేత్తో గోడకి ఆనించి పట్టుకోవాలి. చక్రాల బోల్టుల మీద ఫోకస్ చేసి, లెన్సుని మాన్యువల్‌లోకి మార్చి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. ఇక దాన్ని ముట్టుకోకండి. చోటు మారితే మళ్లీ ఇదే పని.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో మొహాన్ని వెంటాడే ఫోకస్ బాగానే ఉంటుంది, 70-200తో దూరం నుంచి తీసేటప్పుడు అది వాడండి. దగ్గర నుంచి వైడ్‌లో తీసేటప్పుడు నేను టేపునే నమ్ముతాను.

8. ఎప్పుడు నొక్కాలి

కంటితో పాటు చెవి కూడా వాడండి. టైల్స్ సందుల మీద చక్రాలు పోతుంటే టకటకటక అని చప్పుడు వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ టకటకలు దగ్గర పడతాయి. గోడ ఎక్కుతుంటే వేగం తగ్గి మళ్లీ ఎడం వస్తుంది. అంచు దగ్గర ఒక్క క్షణం చప్పుడు పూర్తిగా ఆగుతుంది. బోర్డు పైకి పోవడం అయిపోయి, దిగడం ఇంకా మొదలవని క్షణం అది. భుజాలు తిరగబోతూ ఉంటాయి, కళ్లు అప్పటికే దిగే చోటుని చూస్తూ ఉంటాయి. మీక్కావలసింది అదే.

చప్పుడు ఆగాక నొక్కితే పోయినట్టే. వేలు కదలడానికీ షట్టర్ తెరుచుకోవడానికీ కొంత సమయం పడుతుంది. చివరి టక్ వినబడుతుండగానే నొక్కాలి. మొదటి గంట తప్పుతుంది, తర్వాత లయ పట్టుబడుతుంది.

బరస్ట్ (నొక్కి పట్టుకుంటే వరసగా ఫోటోలు తీసేది) వాడుకోవచ్చు, కానీ దాని మీదే ఆధారపడకండి. సెకనుకి ఎనిమిది ఫ్రేములు తీసినా అసలు క్షణం రెండు ఫ్రేముల మధ్య జారిపోవచ్చు. ఒక్కో ప్రయత్నానికి ఒక్కటే నొక్కుతానని పెట్టుకుని ఇరవైసార్లు తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్రాక్టీసుకి పూలే ఉండాలని లేదు. రైస్ మిల్లు సిమెంటు కళ్లం మీద, పని లేనప్పుడు అడిగి, సైకిల్ తొక్కే తమ్ముడిని పెట్టుకుని ఫోకస్, టైమింగ్ నేర్చుకోవచ్చు.

9. సాయంత్రం ఫ్లాష్

ఆరు దాటాక తొట్టిలో త్వరగా చీకటి పడుతుంది, పైన ఆకాశం మాత్రం ఇంకా వెలుగుతూ ఉంటుంది. షట్టర్ మీ కెమెరా సింక్ వేగానికి (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం), అంటే 1/200 గానీ 1/250 గానీ పెట్టండి. ముందు ఫ్లాష్ లేకుండా ఆకాశం కొంచెం చీకటిగా వచ్చేట్టు ఎక్స్‌పోజర్ సరిచేసుకుని, తర్వాత ఫ్లాష్ కలపండి. ఫ్లాష్ పవర్ 1/8 కి మించకండి. పవర్ తగ్గేకొద్దీ ఫ్లాష్ మెరుపు నిడివి తగ్గుతుంది, కదలికని ఆపేది ఆ మెరుపే. వెలుగు చాలకపోతే ఫ్లాష్‌ని దగ్గరికి జరపండి, లేదా ఐఎస్ఓ పెంచండి.

ఫ్లాష్‌ని గట్టు మీద పక్క నుంచి పెట్టండి. అతను దిగే వైపు నుంచి కళ్లలోకి ఎప్పుడూ కొట్టకండి. నేను ఒకసారి కొట్టాను. పదిహేడేళ్ల కుర్రాడు, దిగే చోటు కనిపించక మోచేతి మీద పడ్డాడు. ప్యాడ్ ఉంది కాబట్టి గీరుకుపోయి వదిలింది. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ఫ్లాష్ పెట్టాక నేనే బోర్డు దారిలో నడిచి, అన్ని చోట్ల నుంచీ ఫ్లాష్ వైపు చూసి, కళ్లు చెదిరితే దాన్ని జరుపుతాను.

10. అక్కడికక్కడే చెక్ చేసుకోండి

ఎండలో కెమెరా తెర సరిగ్గా కనిపించదు, బాగుందనుకుని ఇంటికి పోతాం. తువ్వాలు ఇందుకే. తల మీదుగా కప్పుకుని, లోపల తెర చూడండి. ఈ వరసలో చూడండి:

- పెద్దది చేసి చక్రాల బోల్టులు. అంచులు స్పష్టంగా లేకపోతే ఫోకస్ జరిగింది, లేదా షట్టర్ చాలలేదు. బోల్టులు మసకగా ఉండి వెనక టైల్స్ గీతలు పదునుగా ఉంటే ఫోకస్ తప్పు. బోర్డు వెళ్లే వైపుగా సాగినట్టుంటే షట్టర్ తప్పు. రెండింటికీ మందు వేరు.
- చేతులు, బోర్డు రెండు కొనలు, మొహం అన్నీ ఫ్రేములో ఉన్నాయా?
- బొటనవేలితో మనిషిని మూసి చూడండి. మిగిలిన దాంట్లో గోడ వంపు, లోతు తెలుస్తున్నాయా? తెలియకపోతే చోటు మార్చాల్సిందే.
- నీళ్ల మట్టం దగ్గర టైల్స్ పట్టీ ఉంటుంది. వైడ్ లెన్సులో అది అడ్డంగా, సమంగా ఉందా? కెమెరా వంచి గోడని నిటారుగా చూపించడం చాలామంది చేసే మోసం, ఆడేవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. ఫిష్‌ఐలో గీతలు వంగుతాయి, అందులో చెట్లు, స్తంభాలు ఒరిగిపోలేదా అని చూడండి.

చివరగా ఆడిన వాళ్లకి చూపించండి. దిగలేక పడిపోయిన ప్రయత్నం ఫోటోలో ఎంత అందంగా ఉన్నా, దాన్ని పూర్తిచేసినట్టు బయట పెట్టకూడదు. ఈ ఆటలో అదొక మర్యాద. "ఇది దిగావా?" అని అడగండి. లేదంటే పక్కన పెట్టి మళ్లీ తీయండి. పాదం ఎక్కడ ఉండాలో, చెయ్యి ఎక్కడ ఉండకూడదో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు.

ఫోన్ మాత్రమే ఉంటే

అల్ట్రావైడ్ కెమెరా వాడండి, అడుగున కూర్చోండి. తెర మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుగు లాక్ చేయండి. నిండు ఎండలో ఫోన్ షట్టర్ దానంతటదే వేగంగా ఉంటుంది, నీడలో తేలిపోతుంది. అందుకని ఎండ గోడే ఎంచుకోండి. స్లోమోషన్ వీడియోలోంచి ఫ్రేము తీసుకుంటే ఇన్‌స్టాకి సరిపోతుంది, ప్రింటుకి చాలదు.

పని అయ్యాక

టేపు అంతా పీకేయండి. కొత్తగా ఊడిన టైల్స్ ఉంటే దాచకుండా ఓనరుకి చూపించి, ఎంతయితే అంత ఇచ్చేయండి. గట్టు మీద తాగిన కొబ్బరి బొండాలు కూడా ఎత్తేయాలి. లెన్సుని బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే తుడవండి. తొట్టి అడుగు దుమ్ములో సిమెంటు ఉంటుంది, ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి.

రెండు మంచి ఫోటోలు పెద్ద సైజులో ప్రింటు వేయించి ఓనరుకి ఒకటి, వాచ్‌మన్‌కి ఒకటి ఇవ్వండి. కాలువలకి నీళ్లు వదలకముందే ఇవ్వండి. ఒకాయన ఆ ఫోటోని రిసెప్షన్‌లో తగిలించారు. మొన్న వేసవిలో ఆయనే ఫోన్ చేశారు: "పూల్ ఖాళీ చేయిస్తున్నామండి, మీ కుర్రాళ్లని ఎప్పుడు తీసుకొస్తారు?"